బిడ్డ పేరు మీది కార్డు

కిందటి వారం పూజను జగిత్యాలలో, శిక్షణ దరఖాస్తులు చూసే ఆఫీసు మెట్ల మీద వదిలాం. సిరిసిల్లలో కొత్తరకం మగ్గాల మెకానిక్ శిక్షణ ఉంది. హాస్టల్ ఇస్తారు, చివర్లో ఉద్యోగం ఇస్తారు. దరఖాస్తులు కుప్పలుగా వచ్చి పడేసరికి మనుషులు చదవడం మానేసి, ఏరే పని కంప్యూటర్‌కు అప్పగించారు. ఎవరు చివరిదాకా నిలబడతారో, ఎవరు మధ్యలో మానేస్తారో అది ముందే చెప్పేస్తుంది. నిలబడేవాళ్ళ పేరు పక్కన ఆకుపచ్చ, మానేసేవాళ్ళ పేరు పక్కన ఎరుపు. పూజకు ప్రతిసారీ ఎరుపే వస్తోంది. ఎందుకో ఎవరూ చెప్పరు. వచ్చే బ్యాచ్ నాటికి ఆమె వయసు దాటిపోతుంది. ఈ బ్యాచ్‌కు చేరికలు ఈ సాయంత్రం ఐదింటితో సరి.

తండ్రి మొగిలి సిరిసిల్లలో బతుకంతా సాంచాలు బాగుచేశాడు. పవర్‌లూమ్ మగ్గాలను అక్కడ అలాగే అంటారు. షెడ్డు మూతపడ్డాక ఆ శిక్షణ కేంద్రం గేటు దగ్గరే వాచ్‌మన్‌గా కుదిరాడు. కోరుట్లలో ఇల్లు నడుస్తున్నది మాత్రం తల్లి మల్లవ్వ చుట్టే బీడీల మీద.

*

"ఎర్రగొచ్చినంక నేను చేసేదేం లేదు. ఇంటికి పోన్రి," అన్నాడు మధుకర్, కుర్చీలోంచి లేవకుండానే.

ఆ కంప్యూటర్ ముందు కూర్చునే కాంట్రాక్టు ఉద్యోగం అతనిది. పొద్దుటి నుంచి ఎర్ర రంగు వచ్చినవాళ్ళ తిట్లు తిని తిని అతని ముఖం వాడిపోయి ఉంది. టిఫిన్ డబ్బా మూత తీసి, తినే వీలు లేక మళ్ళీ పెట్టేశాడు.

"ఎందుకు ఎర్రగొచ్చిందో చెప్పు సార్. చెప్తే పోతం," అంది పూజ.

"నాకు తెల్వదు."

"మిషిన్ నడిపేది నువ్వేనాయె."

"బస్సు నడిపేటోడు రోడ్డేసిండా? పైనోళ్ళు తయారుచేసిచ్చిన్రు, నేను నడుపుతున్న. ముందటి బ్యాచులల్ల ఎవరున్నరు, ఎవరు పోయిన్రు అన్నీ దానికి చూపెట్టిన్రు. అది చూసి నేర్చుకుంది. ఏం నేర్చుకుందో నాకు చెప్పదు."

పూజ తెర మీది ఎర్ర రంగును చూసింది. మనిషి వద్దంటే కాళ్ళావేళ్ళా పడొచ్చు. రంగు వద్దంటే ఎవరి కాళ్ళు పట్టుకోవాలి?

అప్పటిదాకా గోడకానుకుని నిలబడ్డ మల్లవ్వ మెల్లగా వచ్చి గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. సంచీలోంచి చేట తీసింది. తడిగుడ్డలో చుట్టిన తునికాకు ముక్కలు విప్పింది. ఆకు పరిచి, తంబాకు చిటికెడు వేసి, చుట్టడం మొదలుపెట్టింది.

మధుకర్ కళ్ళు పెద్దవయ్యాయి. "అమ్మా, గిది ఆఫీసు."

"ఎర్కే సారూ. తాగుతలేను గద. చుడుతున్న."

వెనక వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"లే అమ్మా. మా సార్ చూస్తే నా నౌకరి పోతది."

"నా బిడ్డ పేరు పచ్చగయ్యేదాంక లేవ. అప్పటిదాంక చేతులెందుకు ఊకుండాలె?" ఆమె తల ఎత్తనేలేదు. "నన్ను లేపాలంటే చేటతోటి కలిపి లేపున్రి."

పూజ సిగ్గుతో చితికిపోయింది. "అవ్వా, లే. అందరు చూస్తున్రు."

"చూడనీ. నీ పేరు ఎర్రగొచ్చినప్పుడే అందరు చూసిన్రు."

మధుకర్ కొంచెంసేపు ఆ వేళ్ళనే చూశాడు. ఆకు తిరగడం, దారం పడటం, మొన మడవడం, అంతా ఒక్క కదలికలో అయిపోతోంది. అతని గొంతులో కరకుదనం కాస్త తగ్గింది.

"మా అమ్మమ్మ గూడ చేసేది. రాయికల్ల. ముసలితనంల పీఎఫ్ పైసలే ఆమెకు ఆసరయినయి. నీకు పీఎఫ్ కార్డున్నదా అమ్మా?"

"నాకేడిది సారూ? మస్తేండ్లు నా పేరు మీదనే ఉండె. పూజకు పద్దెనిమిదేండ్లు నిండంగనే బిడ్డ పేరు మీద చేయించిన. కార్డు ఆమెది, కష్టం నాది."

టిఫిన్ డబ్బా మీదకు మళ్ళీ వెళ్ళబోయిన మధుకర్ చేయి గాలిలోనే ఆగిపోయింది.

"మళ్ళొకసారి చెప్పు."

మల్లవ్వ వేళ్ళు కూడా ఆగాయి. అనకూడని మాట అనేశానని ఆమెకు అప్పుడు తెలిసింది. కూతురి వైపు బెదురుగా చూసింది.

అది కోరుట్లలో గడప గడపకూ తెలిసిన సంగతే. కంపెనీలు కొత్త కార్డులివ్వడం ఎప్పుడో ఆపేశాయి. ఉన్న కార్డును తల్లి తన తర్వాత కూతురికి రాసిస్తుంది. చుట్టేది తల్లి, పీఎఫ్ జమయ్యేది కూతురికి. పిల్లకు ఆస్తి ఇవ్వలేని తల్లి ఇచ్చే ఆస్తి అదొక్కటే. ఊరంతా ఎరిగినా పైకి ఎవరూ అనరు. అంటే కంపెనీ కార్డు గుంజుకుంటుంది.

"నువ్వు బీడీలు చేస్తవా పూజా?" అడిగాడు మధుకర్.

"నాకు ఆకు కోసుడు గూడ సక్కగ రాదు సార్."

"మరి దరఖాస్తుల, పని చేస్తున్నవా అంటే ఏం రాసినవ్?"

"లేదని రాసిన. నేను చేస్తలేను గదా."

మధుకర్ గబగబా కీబోర్డు దగ్గరికి జరిగాడు. "నువ్వు లేదని రాసినా, ఆధార్ నంబరు పట్టుకుని నీ పేరు మీద పీఎఫ్ పడుతున్నదని అది గుంజుకుంటది. దాని లెక్కల నువ్వు నౌకరి చేస్తున్న పిల్లవు. ఆగు. నమూనా దరఖాస్తు ఒకటి పెట్టి చూస్త. ఇది లెక్కలకు రాదు, ఉత్తగనే."

పూజ వివరాలన్నీ ఉన్నవున్నట్టు నింపాడు. మీట నొక్కాడు. ఎరుపు.

తండ్రి పని మార్చాడు. ఎరుపు. ఊరు మార్చాడు. ఎరుపు. ఆడపిల్ల అన్న చోట మగపిల్లవాడని పెట్టాడు. ఎరుపే.

అన్నీ తిరిగి ముందున్నట్టే ఉంచి, పీఎఫ్ గడి ఒక్కటి ఖాళీ చేశాడు. మీట నొక్కాడు.

ఆకుపచ్చ.

పూజ తెర దగ్గరికి ముఖం పెట్టి తన పేరును మళ్ళీ మళ్ళీ చదువుకుంది. ఆ రంగులో తన పేరును ఆమె అంతవరకు చూడలేదు.

"నేనే అడ్డం పడ్డనా బిడ్డా నీకు?" అంది మల్లవ్వ గుమ్మంలోంచి.

*

"గదెట్ల సార్?" పూజ గొంతు లేచింది. "కార్డుంటే ఏమాయె? నేనెందుకు మానేస్త? నేను మానేస్తనని దానికెవరు చెప్పిన్రు?"

"కిందటి బ్యాచోళ్ళు చెప్పిన్రు. కార్డున్న పిల్లలు ఒక్కలు గూడ చివరిదాంక లేరు. ఎందుకు పోతున్నరంటే ఇష్టం లేక అని రాసిచ్చిన్రు. మిషిన్ తప్పు చెప్తలేదు పూజా. ఉన్నదే చెప్తున్నది."

కిందటి బ్యాచ్. పూజకు వెంటనే రమ గుర్తొచ్చింది. పక్క వాడ పిల్ల. గంపెడు ఆశతో సిరిసిల్ల హాస్టల్‌కు వెళ్ళి, సగంలో పెట్టె పట్టుకుని తిరిగొచ్చింది. ఏమైందే అంటే, నాకు నచ్చలేదే అని నవ్వేసింది. ఆ నవ్వును పూజ అప్పుడు నమ్మింది.

ఫోన్ తీసి రమకు కలిపింది. మధుకర్‌కు వినిపించేలా స్పీకర్ పెట్టింది.

"ఏందే మెకానిక్ మేడం," రమ గొంతు, వెనక కుక్కర్ విజిల్. "పానా పట్టినవా, ఇంక పెన్నే పట్టుకున్నవా?"

"రమా, నువ్వెందుకు అచ్చినవే వాపస్? నిజం చెప్పు."

"చెప్పిన గద. నచ్చలె."

"నా సీటు పోతున్నదే. నిజం చెప్పు."

అవతల కుక్కర్ మంట తగ్గించిన చప్పుడు. రమ గొంతు మారిపోయింది.

"సోమారం సోమారం వేలిముద్ర పెట్టాలె గదనే బీడీల కార్ఖానల. కొత్త మిషిన్ పెట్టినంక కార్డు మనిషే రావాలంటున్రాయె. హాస్టల్ల సోమారం గేటు దాటనియ్యరు. రెండు వారాలు తప్పిన. ఇంకొక్కటి తప్పితే కార్డు బందు అన్నడు కార్ఖాన చంద్రయ్య. మా అవ్వ ఏడ్చుకుంట ఫోన్ చేసింది. ఏం చెయ్యాలె మరి? మా అవ్వ చేతులు ఇరగ్గొట్టి నేను సాంచ బాగుచెయ్యాల్నా?"

"గదే సార్లకు చెప్పకపోయినవ్?"

"ఏమని చెప్తనే? కార్డు నాది, చేసేది మా అవ్వ అని చెప్పాల్నా? చెప్తే ఉన్న కార్డు పోతది. నేనే గాదు, అందరం గదే చేసినం. ఇష్టం లేదని రాసిచ్చి అచ్చినం." ఒక క్షణం ఆగి అడిగింది. "ఏమైందే? నీకు గూడ గిట్లనే అయిందా?"

పూజ ఫోన్ పెట్టేసింది.

మధుకర్ కుర్చీలో వెనక్కి వాలాడు. సోమవారం పూట సెలవిస్తే చివరిదాకా నిలబడే పిల్లలు. ఒక్కరు కూడా నోరు విప్పలేదు. వాళ్ళ మౌనాన్నే పాఠంగా నేర్చుకుంది మిషిన్.

"సార్," అంది మల్లవ్వ. చేట సంచీలో పెట్టేసి లేచి నిలబడింది. "కార్డు బందు పెడితే పచ్చగైతదా?"

"అవ్వా, ఒద్దు."

"నేను సారునడుగుతున్న."

మధుకర్ తటపటాయించాడు. "కంపెనీల వేలు పెట్టి మూసిన్రంటే ఎమ్మటే ఇక్కడ కనిపిస్తది. ఒక సీటు ఖాళీగనే ఉంది. మూసినంక నేను మళ్ళ నడిపిస్త. పచ్చగొస్తే పేరు సిరిసిల్లకు పంపిస్త. కానీ ఐదు లోపల పూజ అక్కడ ఉండాలె."

"అయితే మూస్త."

పూజ తల్లి భుజాలు పట్టుకుంది. "ఏం తింటవ్? గా కార్డు మీదనే కాదా మన పొయ్యి వెలిగేది? నాకు జీతం అచ్చేటాళ్ళకు ఏడాది పడ్తది."

"మీ బాపు తెస్తడు గద."

"బాపు తెచ్చేది ఆయన మందులకే సరిపోతలేదు. నీకు కొత్త కార్డు ఎవరిస్తరు?"

"నాకెందుకు కార్డు?" మల్లవ్వ దగ్గు ఆపుకుంది. పదేళ్ళ వయసు నుంచి తంబాకు పొడి పీల్చిన దగ్గు అది. "ఇన్నేండ్లు నేను అన్నం పెట్టిన. ఇగ నువ్వు పెట్టు. లేకపోతే రా, గిక్కన్నే కూసో. ఇంకో చేట కొనిస్త. నా పక్కపొంటి కూసోని ఆకు కోసుడు నేర్చుకో. గదే కావాల్నా నీకు?"

పూజ చేతులు జారిపోయాయి.

"నేను నీకు ఆస్తి ఇచ్చిన్ననుకున్న," అంది మల్లవ్వ, చాలా చిన్నగా. "సంకెళ్ళేసిన్నని నాకెర్కలేదు. నడువు. బస్సు పోతది."

*

జగిత్యాల నుంచి కోరుట్ల బస్సులో తల్లీకూతుళ్ళు పక్కపక్కనే కూర్చున్నారు. మల్లవ్వ చేతులు ఒళ్ళో ఊరికే పడి ఉన్నాయి. బస్సులో కూడా బీడీ చుట్టకుండా ఆమెను పూజ చూడటం అదే మొదలు.

కార్ఖానాలో చంద్రయ్య ఒక్కడే ఉన్నాడు. ఆకు తూచి ఇచ్చేది, బీడీలు చూసి తీసుకునేది, తక్కువైతే అరిచేది అతనే. విషయం విని కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"మతి ఉండే మాట్లాడుతున్నవా మల్లవ్వా? కార్డు కోసం మంది నా ఇంటి చుట్టు తిరుగుతున్రు. ఇయ్యాల మూస్తే మళ్ళ కానే కాదు. రేపు నా కాళ్ళు మొక్కినా నా చేతుల ఉండదు."

"నీ కాళ్ళు ఎప్పుడన్న మొక్కిన్నా తమ్మీ, రేపు మొక్కుడుకు?"

"పరాచికాలు కాదే. నువ్వేం పని చేస్తవ్ ఇగ?"

"నీకేం బాధ? నా బీడీల మొన మంచిగ లేదని రోజు ఒర్రుతుంటివి గద. ఇగ ఒర్రకు."

చంద్రయ్య నవ్వలేదు. పూజ వైపు తిరిగాడు. "నీకు ఇష్టమేనా బిడ్డా? నీ పేరు మీదున్నది. నువ్వు ఒద్దంటే నేను మూయ."

పూజ తల్లి ముఖం చూసింది. ఆ ముఖంలో బతిమాలుకోవడం ఉంది. అన్నం పెట్టమని కాదు, అన్నం మానేయనివ్వమని.

"మూయి మామా," అంది.

చంద్రయ్య నిట్టూర్చి, చిన్న మిషిన్ ముందుకు జరిపాడు. పూజ బొటనవేలు అద్దం మీద పెట్టింది. రాలేదు. వేలికి చెమట. చీర కొంగుతో మల్లవ్వే ఆ వేలు తుడిచింది, చిన్నప్పుడు అన్నం తిన్నాక తుడిచినట్టు. పూజ మళ్ళీ పెట్టింది.

మిషిన్ కూత పెట్టింది. పూజ ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. కార్డు రద్దయింది.

మల్లవ్వ సంచీలోంచి మిగిలిన తునికాకు, తంబాకు పొట్లం తీసి తక్కెడ పక్కన పెట్టింది. చేట కూడా తీయబోయి, మళ్ళీ లోపల పెట్టుకుంది. అది కంపెనీది కాదు, ఆమె తల్లిది.

అప్పుడు ఫోన్ మోగింది. మధుకర్.

"పూజా, ఏడున్నవ్? వేలు పెట్టినవా?"

"పెట్టిన సార్. ఇప్పుడే. మెసేజ్ గూడ అచ్చింది."

అవతల కీబోర్డు చప్పుడు వినిపించింది.

"సార్?"

"మీ నంబరు కలుస్తనే లేదు. గందాక సంది చేస్తున్న." అతను గబగబా చెప్పుకుపోయాడు. "నేను ఒక్క గడే మార్చి చూసిన. ఇంటి ఆమ్దాని గడి గూడ గా పీఎఫ్ తోటే ముడిపడి ఉందని నాకు తట్టలె. కార్డుంటే ఇంట్ల నెలనెల సంపాదన ఉన్నట్టు. కార్డు పోతే మీ ఇంట్ల ఏం లేనట్టు. మీ బాపుది పర్మినెంట్ కాదు, అది లెక్కల పట్టదు. సంపాదన లేని ఇండ్లళ్ళ పిల్లలు గూడ మధ్యల పనికి పోయిన్రట ముందటి బ్యాచుల."

పూజకు అర్థమవుతోంది. అర్థం కాకపోతే బాగుండుననుకుంది.

"మీరు మూసిన సంగతి ఇప్పుడే ఇక్కడికచ్చింది," అన్నాడు మధుకర్. "నడిపించిన. మళ్ళ ఎర్రగనే అచ్చింది."

మల్లవ్వ రెండడుగుల దూరంలో నిలబడి కూతురి ముఖాన్నే చూస్తోంది. పూజ ముఖం కదలకుండా పట్టుకుంది.

"ఇగ ఏం లేదా సార్?"

"నా చేతుల లేదు. చేతితోటి మార్చే అధికారం పైనోళ్ళకే ఉంది. వాళ్ళు ఇయ్యాల సిరిసిల్ల సెంటర్లనే ఉన్నరు, కొత్త బ్యాచుకు స్వాగతం చెప్తున్రు, ఫోన్ ఎత్తుతలేరు. రమ చెప్పిన మాట వాళ్ళకు చెప్పాలె. ఎందుకు మానేసిన్రో వాళ్ళకు ఇప్పటిదాంక ఎవరు చెప్పలె. కానీ పేరు లేనోళ్ళను గేటు దాటనియ్యద్దని గట్టిగ చెప్పిన్రు. నన్ను మాఫ్ చెయ్యి పూజా."

లైన్ తెగిపోయింది.

"సారేనా?" అడిగింది మల్లవ్వ. "ఏమన్నడు?"

కార్ఖానా ముందు రోడ్డు మీద వేములవాడ బస్సు హారన్ వేస్తోంది. అక్కడ దిగి ఇంకో బస్సెక్కితే సిరిసిల్ల. పూజ తల్లి చేతులు చూసింది. ఆకు మరకతో నల్లబడ్డ ఆ వేళ్ళు పనేమీ లేక ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి.

"పచ్చగచ్చిందట అవ్వా. జల్ది రమ్మంటున్నడు."

మల్లవ్వ ఏడవలేదు, నవ్వలేదు. కూతురి తల మీద చేయి పెట్టి, ఆ చేతికి తంబాకు వాసన ఉందని గుర్తొచ్చి తీసేసుకుంది. "పో. తిరిగి చూడకు."

పూజ పరిగెత్తింది. తిరిగి చూడలేదు. చూస్తే తల్లి ముఖంలో ఆ నమ్మకం కనిపిస్తుంది.

*

కథలాపూర్ దాటింది. రుద్రంగి దాటింది. కిటికీలోంచి వచ్చే దుమ్ముకు కళ్ళు మండుతున్నా పూజ అద్దం వేయలేదు. ఏడ్చినా దుమ్మని చెప్పుకోవచ్చు.

వేములవాడలో సిరిసిల్ల బస్సు మారుతుంటే తండ్రి ఫోన్ వచ్చింది.

"బిడ్డా, మీ అవ్వ చెప్పింది." మొగిలి గొంతులో అంత సంబురం ఆమె ఎన్నడూ వినలేదు. షెడ్డు మూతపడ్డ రోజు నుంచి ఆ మనిషి గట్టిగా మాట్లాడటమే మానేశాడు. "పేరచ్చిందటగా. గేటు కాడనే ఉన్న. నువ్వు లోపటికి పొయ్యేదాంక నేను చాయ్ గూడ తాగ. ఏడిదాంక అచ్చినవ్?"

"వేములవాడల ఉన్న బాపూ."

"ఇగ అచ్చినట్టే. జర తొందరగ రా. ఐదు కాంగనే తాళమెయ్యమన్నరు. పొద్దుగాల ఎవలో పేరు లేని పిల్ల ఏడ్చుకుంట లోపటికి ఉరికింది. నన్ను పిలిచి బెదిరించిన్రు. ఇంకొక్కలు గట్ల పోతే నా నౌకరి ఉండదట." మొగిలి చిన్నగా నవ్వాడు. "నీకేం భయం తియ్యి. నీ పేరున్నదాయె."

బస్సు కదిలింది. పూజ పై కడ్డీని గట్టిగా పట్టుకుంది. తల్లి దగ్గర ఉన్నది తన వేలిముద్రతో పోయింది. ఇప్పుడు తండ్రి దగ్గర మిగిలింది అడగాలి.

"బాపూ, నువ్వొక్కనివే ఉన్నవా?"

"ఒక్కన్నే. ఎందుకు?"

"అవ్వకు చెప్పకు." ఆమె గొంతు తగ్గించింది. "నా పేరు లేదు. కార్డు గూడ లేదు, మూసేసిన. నేను లోపటికి రావాలె బాపూ. వాళ్ళతోటి మాట్లాడాలె. నువ్వు తాళమెయ్యకు."

అవతల మొగిలి ఊపిరి వినిపించింది.

"బాపూ?"

ఎవరో పెద్ద గొంతుతో, "మొగిలీ, ఇంక చూసుడేంది, ఐదైతున్నది, గేటెయ్యి," అన్నారు. ఆ వెంటనే తాళంచెవుల గుత్తి గలగలమంది.

తండ్రి తాళం వేస్తున్నాడో, వేయకుండా గుత్తి జేబులో పెట్టుకుంటున్నాడో పూజకు తెలియలేదు.